విరిగితే ఏడేళ్లు, వాస్తే ఏడాది

ఎముక విరిగిందంటే ఎవరైనా బాధపడతారనుకుంటాం. కొట్లాటలో దెబ్బలు తిని వచ్చినవాళ్ల సంగతి వేరు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్స్‌రేలు తీశాను నేను. బైకు మీంచి పడినవాడు ఫిల్మ్ చూసి "ఇరిగిపోనాదేటి బాబూ" అని నీరుగారిపోతాడు. పక్క పొలం వాడి చేతిలో తిన్నవాడు అదే ఫిల్మ్ చూసి "ఇరగలేదా? సరిగ్గా సూడండి బాబూ, ఇరిగే ఉంటాది" అంటాడు. వెనకాల వచ్చిన బావమరిది ఇంకో అడుగు ముందుకేసి "ఇంకోపాలి తియ్యండి, అడ్డంగా తియ్యండి" అని మనకే పని నేర్పుతాడు.

వాళ్లని తప్పు పట్టను. ఆసుపత్రికి వచ్చే ఆటోలోనే ఎవరో చెప్పి ఉంటారు, ఎముక విరక్కపోతే కేసు నిలబడదని. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం మా ఊళ్లో ఎవరికీ తెలియదు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా జనం ప్లాస్టిక్ కవర్లో ఫిల్ములు పట్టుకుని మా అరుగు మీదకి వస్తూనే ఉన్నారు కాబట్టి ఒకసారి రాసి పెడదామనిపించింది. నేను లాయర్ని కాను. సాక్ష్యం చెప్పడానికి కోర్టు వరండాల్లో కూర్చుని కూర్చుని పట్టుబడిన చట్టం ఇది.

మొదట సగం నిజం సంగతి. ఒక మనిషి ఒంటికి కావాలని నొప్పి కలిగిస్తే చాలు, చట్టం దృష్టిలో అది గాయమే. చర్మం చిట్లక్కర్లేదు, రక్తం రానక్కర్లేదు. పాత ఐపీసీలో అది 323. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 115(2). శిక్ష ఏడాది దాకా జైలు, లేకపోతే పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో జరిమానా వెయ్యి దాటేది కాదు. 1860లో రాసిన అంకె అది. అప్పట్లో వెయ్యి చిన్న మాట కాదు గానీ, మా తరానికి వచ్చేసరికి కోర్టుకి రానూపోనూ ఖర్చుల ముందు కూడా ఆ జరిమానా వెలవెలబోయేది.

అదే ఎముక విరిగితే తీవ్ర గాయం. పాత 325, ఇప్పుడు 117(2). ఏడేళ్ల దాకా జైలు, పైన జరిమానా. డాక్టరు ఇచ్చే వూండ్ సర్టిఫికెట్లో చివర ఒక మాట ఉంటుంది: సింపుల్ లేదా గ్రీవియస్. ఆ ఒక్క మాటతో ఏడాది ఏడేళ్లవుతుంది.

శిక్ష కంటే ముందు ఇంకో తేడా ఉంది, జనానికి తగిలేది అదే. ఉత్త సింపుల్ అయితే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యడానికి లేదు. డైరీలో రాసుకుని, కోర్టుకి వెళ్లమని చెప్పి పంపాలి. కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన, పోలీసులూ కోర్టులూ ఎలా నడవాలో చెప్పే చట్టం) 174 ప్రకారం ఆ డైరీ రిపోర్టు పదిహేను రోజులకోసారి మేజిస్ట్రేటుకి పంపాలి కూడా. గ్రీవియస్ అయితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. మూతి వాచి, ఒళ్లంతా కమిలి వచ్చిన మనిషిని "సింపులే, కోర్టుకెళ్లు" అంటే వాడికి ఎంత మండుతుందో ఊహించండి. అందుకే ఫిల్మ్ మీద చిన్న చీలిక కనబడితే ఆ కుటుంబానికి అంత సంబరం.

ఇక్కడో చిన్న మాట. ఏడేళ్ల కేసు కదా, అవతలివాణ్ణి లోపలేసి ఉంచుతారని ఆశపడొద్దు. ఆయుధం లేని తీవ్ర గాయం బెయిలబులే. సాయంత్రానికి ఇంటికొచ్చి, మీ అరుగు ముందు నుంచే నడిచి వెళ్తాడు. ఇది ముందే తెలియక ఎన్ని ఇళ్లలో రెండో కొట్లాట మొదలైందో.

సంక్రాంతి మర్నాడు, ఊళ్లో అమ్మవారి పండగ మర్నాడు మా గది ముందు బెంచీ ఖాళీ ఉండేది కాదు. మొట్టమొదట వచ్చేది ముక్కు. పిడిగుద్దుకి ముందు దొరికేది అదే, ఆ ఎముక పలచన. తర్వాత మోచేతి కిందిభాగం, చిటికెనవేలి వైపు ఎముక. తలమీద కర్ర పడబోతుంటే ఎవరైనా చెయ్యి అడ్డం పెడతారు. ఆ దెబ్బ సరిగ్గా అక్కడే పడుతుంది. ఆ ఎముక ఒక్కటే మధ్యలో అడ్డంగా విరిగి ఉంటే ఆ మనిషి కొట్టడానికి కాదు, కాచుకోడానికి చెయ్యి ఎత్తాడని నా లెక్క. నా లెక్క అని ఎందుకంటున్నానంటే, మేం ఫిల్మ్ తీసేవాళ్లమే గానీ అభిప్రాయం చెప్పేవాళ్లం కాదు. అది డాక్టరుగారి పని.

ఒకసారి అన్నదమ్ముల పిల్లలు ఇద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో కానిస్టేబులు. గట్టు తగాదా. ఒకడికి బుగ్గ ఉబ్బిపోయి, పెదవి చిట్లి, కన్ను మూసుకుపోయింది. రెండోవాడు ముఖం మీద గీత లేకుండా, వాచిన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఫిల్ములు కడిగి చూస్తే (డార్క్‌రూమ్ రోజులు లెండి, డెవలపరు, హైపో, ఫ్యాను కింద ఆరబెట్టడం) ముఖం పగిలినవాడి ఎముకలన్నీ క్షేమం. చెయ్యి వాచినవాడికి చిటికెనవేలి కింద అరచేతి ఎముక మెడ దగ్గర విరిగింది. గుప్పిట బిగించి గట్టివస్తువుని గుద్దితే విరిగే ఎముక అది. అంటే కొట్టినవాడిది విరిగింది, తిన్నవాడిది విరగలేదు. కొట్టినవాడి తండ్రి నా దగ్గరకొచ్చి, "మాదే గ్రీవియస్ కదా బాబూ" అన్నాడు మెల్లగా, నెగ్గినట్టు.

చట్టం అంత గుడ్డిది కాదు. తీవ్ర గాయం ఉంటే చాలదు. అవతలివాడు దాన్ని కలిగించాలి, కలిగించాలనుకునైనా ఉండాలి, లేదా ఈ దెబ్బకి అంతపని జరగొచ్చని తెలిసైనా ఉండాలి. మన చెయ్యి మనం ఇంకొకడి దవడ మీద విరగ్గొట్టుకుంటే అది వాడి నేరం కాదు. కాకపోతే చెయ్యి విరిగినవాడు తనని కర్రతో కొట్టారని చెప్పాడు. డాక్టరు "కర్రతో కొట్టారని చెబుతున్నాడు" అనే రాస్తారు, కొట్టారని రాయరు. రెండు పక్కలా కేసులు కట్టారు, కేసూ కౌంటర్ కేసూ. అలాంటివి రెండూ ఒకే జడ్జి ఒకదాని వెంట ఒకటి విని విడివిడిగా తీర్పు చెప్పాలని సుప్రీంకోర్టు చెప్పి ఉంది. వీళ్లవి అంతదాకా రాలేదు, లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయాయి. సింపుల్ అయితే దెబ్బ తిన్నవాడు ఒప్పుకుంటే చాలు, గ్రీవియస్‌కి కోర్టు అనుమతి కూడా కావాలి. గట్టు మాత్రం సివిల్ తగాదా, దానికి ఈ రాజీతో సంబంధం లేదు.

ఫిల్మ్ అబద్ధం చెప్పదని జనం నమ్మకం. అబద్ధం చెప్పదు గానీ మౌనంగా ఉంటుంది ఒక్కోసారి. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర ఒక చిన్న ఎముక ఉంది. అది చిట్లితే మొదటిరోజు ఫిల్మ్‌లో కనబడకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే పది, పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ తీస్తాం, అప్పుడు గీత బయటపడుతుంది. పక్కటెముకలదీ అదే వరస. అలా బయటపడితే పోలీసులు సెక్షన్ మారుస్తూ కోర్టుకి మెమో పెడతారు. "మొదట్లో సింపుల్ అని రాశారుగా, ఇంకేం చేస్తాం" అని వదిలేసినవాళ్లు చాలామంది. మొదటిరోజు రాసింది శిలాశాసనం కాదు.

ఇంకోరకం వాళ్లుంటారు. ఎప్పుడో చెట్టు మీంచి పడి విరగ్గొట్టుకున్న చెయ్యి నిన్న రాత్రి కొట్లాటలో విరిగిందంటారు. కొత్తగా విరిగిన అంచులు పదునుగా ఉంటాయి. రెండు మూడు వారాలయ్యేసరికి విరిగినచోట కొత్త ఎముక పోసుకోవడం ఫిల్మ్ మీద కనిపిస్తుంది. నిన్నటి దెబ్బకి ఇవాళ కొత్త ఎముక రాదు. ఆ మాట డాక్టరుగారు చెబితే "అయితే ఇంకో సెంటర్లో తీయిస్తాం" అని వెళ్లిపోతారు.

విరగడమంటే రెండు ముక్కలవ్వాలా అని అడుగుతారు. అక్కర్లేదు. తల ఎముక మీద చీలిక పైనుంచి లోపలిదాకా పోనక్కర్లేదని, ఎముకలో పగులు ఉంటే చాలునని హోరీలాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పన్ను కూడా ఇందులోకే వస్తుంది. పన్ను విరిగినా, ఊడినా ఎముక విరిగినంత నేరం. ముసలాయనకి కదులుతున్న పన్ను ఊడితే అవతలి లాయరు ఊరుకోడు, అది వేరే సంగతి.

కోర్టులో మమ్మల్ని అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. ఈ ఫిల్మ్ మీద పేరు, నంబరు, తేదీ మీరే వేశారా? ఇది ఈ మనిషి ఫిల్మేనని ఎలా చెప్పగలరు? కుడి ఎడమ గుర్తు ఎక్కడ? సీసపు అక్షరం పెట్టడం బద్ధకించినవాడికి ఆ బోనులో చెమటలు పడతాయి. డాక్టరుగారికి మాత్రం చివర్లో ఒకే ప్రశ్న: "కింద పడినా ఇలాంటి విరుపు వచ్చే అవకాశం ఉందా?" నిజాయితీ ఉన్న ఏ డాక్టరైనా ఉందనే చెప్పాలి. ఆ "ఉంది" అన్న మాట పట్టుకుని వాదన నడుస్తుంది. అసలు ఫిల్మే కోర్టు ముందుకి రాక, ఉత్త సర్టిఫికెట్ మీద ఆధారపడి, 325 కాస్తా 323 అయిపోయిన తీర్పులున్నాయి. అందుకే మా అరుగు మీదకి వచ్చినవాళ్లకి ముందు చెప్పేది ఒకటే: ఫిల్మ్ మడతపెట్టకండి, ఓపీ చీటీ పారేయకండి.

ఆయుధం చేతిలో ఉంటే లెక్క మారుతుంది. కోసేవి, పొడిచేవి, కాల్చేవి, నిప్పు, మరిగిన నీళ్లు, విషం, చివరికి కుక్కని ఉసిగొల్పినా సరే, మామూలు గాయమైతే మూడేళ్ల దాకా (పాత 324, ఇప్పుడు 118(1)), తీవ్ర గాయమైతే పదేళ్ల దాకా లేదా యావజ్జీవం (పాత 326, ఇప్పుడు 118(2)). కొత్త చట్టంలో ఆ రెండోదానికి ఏడాది కంటే తక్కువ వెయ్యడానికి లేదు. కొడవలి, కత్తి గురించి పేచీ లేదు. కర్ర దగ్గరే పేచీ. ఆయుధంగా వాడితే ప్రాణం పోయేంతటిదా కాదా అన్నది ఆ కర్రని, తగిలిన చోటుని బట్టి చూస్తారు. పళ్లు మాత్రం ఆయుధం కాదు. వేలు కొరికి తెంపిన కేసులో, మనిషి పళ్లు ప్రాణాంతక ఆయుధం కిందకి రావని సుప్రీంకోర్టు 326ని 325కి తగ్గించింది. షకీల్ అహ్మద్ కేసు, 2004.

చెప్పుదెబ్బ సంగతి చెప్పకపోతే మా ప్రాంతంలో ఈ వ్యాసం పూర్తికాదు. ఊరి మధ్యలో చెప్పుతో కొడితే నొప్పి ఏముంటుంది, ఎక్స్‌రేలో ఏం కనబడుతుంది? కానీ మనిషిని అవమానించాలని చెయ్యి చేసుకోవడం వేరే నేరం. పాత 355, కొత్త 133. దానికి రెండేళ్ల దాకా. అంటే వాచేలా కొట్టినదానికంటే ఎక్కువ. 1860లో ఇది రాసినవాళ్లకి మన ఊళ్లు బాగానే తెలుసనిపిస్తుంది నాకు. అయినా ఫిర్యాదు రాయించేటప్పుడు చెప్పు మాట సిగ్గుపడి వదిలేస్తారు జనం.

ఇంతవరకూ సగం నిజం సంగతి. ఎముక ఒక్కటే కాదు, తీవ్ర గాయానికి చట్టంలో ఎనిమిది రకాలున్నాయి. పుంస్త్వం పోవడం, ఏదో ఒక కన్ను శాశ్వతంగా పోవడం, చెవి వినబడకుండా పోవడం, అవయవం గానీ కీలు గానీ పోవడం, ఉండి కూడా పనికిరాకుండా పోవడం, తల మీదో ముఖం మీదో శాశ్వతంగా రూపు చెడడం, ఎముక లేదా పన్ను విరగడం. ఇవి ఏడు. ఎనిమిదోది ఎవరూ చెప్పుకోరు. ప్రాణం మీదకి తెచ్చే గాయం, లేదా పదిహేను రోజులపాటు ఒంట్లో విపరీతమైన నొప్పి పెట్టే గాయం, లేదా అన్నాళ్లూ తన రోజువారీ పనులు తాను చేసుకోలేకుండా చేసే గాయం. పాత చట్టంలో ఇరవై రోజులు. ఆ ఇరవై 1860 నుంచి కదల్లేదు, కొత్త చట్టం పదిహేనుకి తగ్గించింది. కొట్లాట 2024 జులై 1కి ముందు జరిగితే ఇప్పటికీ పాత ఇరవై రోజులే.

నా ఉద్దేశంలో ఈ ఎనిమిదోది కూలివాడి సెక్షన్. వాడి ఒళ్లే వాడి ఆస్తి. కానీ దానికి ఫిల్మ్ ఉండదు, ఒక్కరోజులో తేలదు, అందుకే ఎవరూ దాని జోలికి పోరు. డాక్టరు మొదటిరోజే చూస్తారు, మొదటిరోజే రాస్తారు. పదహారో రోజున మళ్లీ వెళ్లి చూపించుకునేవాడు ఎవడు?

మా వీధిలో ఒక అప్ప ఉంది. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పట్నుంచి అప్పా అని పిలుస్తాను. అరవై దాటింది, ఇప్పటికీ ఉభాలకి (వరి నాట్లకి) వెళ్తుంది. కొత్త చట్టం వచ్చిన ఆ ఏడాదే, ఉభాల రోజుల్లో, కాలవ నీళ్ల వంతు దగ్గర మాటామాటా పెరిగి ఒకడు అప్ప మోకాలి మీద తన్ని మడిలోకి తోసేశాడు. ఎక్స్‌రే తీశారు, ఎముక విరగలేదు. సింపుల్ అని రాశారు, ఆరోజుకి అది సరైన రాతే. స్టేషన్లో డైరీలో రాసుకుని కోర్టుకి వెళ్లమన్నారు.

వారం పోయాక మనవడు భుజం పట్టుకుని తీసుకొచ్చాడు అప్పని. ఫిల్మ్ నా చేతికిచ్చింది. "తమ్ముడా, ఎముక బాగుందంటన్నారు. మరి నానెందుకు కూకోలేకపోతన్నాను?"

ఎక్స్‌రేకి ఎముకే తెలుసు. కీలుని పట్టి ఉంచే లిగమెంట్లు, లోపలి మెత్తటి భాగాలు అందులో కనబడవు. అవి దెబ్బతింటే ఫిల్మ్ మీద మోకాలు శుభ్రంగా ఉంటుంది, మనిషి మాత్రం గొంతుక్కూర్చోలేదు, వంగలేదు, బురదలో కాలు పెట్టలేదు. ఉభాలంటే ఆ మూడే పనులు.

మనవడికి ఎనిమిదోదాని గురించి చెప్పాను. మంచం మీద పడుకోబెట్టి రోజులు లెక్కపెడితే లాభం లేదు. ఆసుపత్రిలో ఇరవై రోజులున్నంత మాత్రాన కూడా చాలదని పాత చట్టం కింద కోర్టులు చాలాసార్లు చెప్పాయి. ఏ పని చెయ్యలేకపోయింది, ఎంత నొప్పి, అది కాగితం మీదకి రావాలి. ప్రతిసారీ ఓపీకి తీసుకెళ్లు, మోకాలు ఎంతవరకు వంగుతోందో డాక్టరుగారిని అడిగి రాయించు, పదిహేను రోజులు దాటాక అభిప్రాయం ఇమ్మని అడుగు అన్నాను. కుర్రాడు ఓపిగ్గా తిరిగాడు. డాక్టరుగారు కూడా మంచివారు, పనిచేసుకోలేని స్థితిలో ఉందని రాసిచ్చారు. ఆ కాగితం మీద స్టేషన్లో 117(2) కింద ఎఫ్‌ఐఆర్ కట్టారు. అప్ప దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది, వద్దన్నా వినదు.

కేసు నడుస్తోంది. నెగ్గుతుందని నేను అనను. తన్నినవాడికి అంత గాయమవుతుందని తెలుసా అన్న ప్రశ్న వస్తుంది. ముసలామె మోకాలి మీద బలంకొద్దీ తన్నేవాడికి తెలియకుండా ఎలా ఉంటుందన్నది మనవైపు జవాబు. అంతకంటే చిక్కుది ఇంకోటుంది. ఆ ఫిల్మ్‌లో కీలు మధ్య ఖాళీ తగ్గి ఉంది. బురదలో వంగి బతికినవాళ్ల మోకాళ్లు ఆ వయసుకి చాలామటుకు అలాగే ఉంటాయి. అవతలి లాయరు దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని "ఇది పాత కీళ్లనొప్పి కాదా?" అని అడక్కుండా వదలడు.

ఆ పాత నొప్పితోనే అప్ప ముందురోజు దాకా పనికి వెళ్లింది. ఉభాల మేస్త్రి దగ్గర కూలి లెక్కల నోటుపుస్తకం ఉంది, తన్నిన నాటి వరకు అప్ప పేరు ఎదురుగా గీతలున్నాయి, ఆ తర్వాత సీజనంతా ఖాళీ. మేస్త్రి వాంగ్మూలం తీసుకున్నారు గానీ పుస్తకం అడగలేదట. అది రికార్డులోకి ఎలా తేవాలో ఏపీపీ గారిని (కోర్టులో ప్రభుత్వం తరఫు లాయరుని) కలిసి కనుక్కోమని మనవడిని మొన్ననే పంపాను.